మంచుటెడారిలో బ్రదుకు నేర్పు – ఫ్రిట్యోఫ్ నాన్సెన్ జీవితము

ధ్రువప్రాంత యాత్రల చరిత్రను చదువువారికి మొట్టమొదట కన్నులకు గట్టునది మృతుల పట్టిక. 1845లో ఆంగ్ల నావికుడు జాన్ ఫ్రాంక్లిన్ రెండు గొప్ప ఓడలతో ఆర్కిటిక్ సముద్రమునకు బయలుదేరెను. ఆ ఓడలలో గ్రంథాలయములుండెను, వెండి చెంచాలుండెను, కొన్ని యేండ్లకు చాలిన ఆహారముండెను. మంచులోనికి పోయిన 129 మందిలో ఒక్కడైనను ఇంటికి తిరిగి రాలేదు. వారికి ధైర్యము కొఱవడలేదు. ఆ చలిదేశమున బ్రదుకు విధానము మాత్రము వారికి తెలియలేదు. అచ్చట వేలయేండ్లుగా బిడ్డాపాపలతో జీవించుచున్న జనులను చూచి నేర్చుకొనవలెనన్న తలంపు ఆనాటి నౌకాదళములకు అరుదుగా కలిగెడిది.

ఆ తరువాత 43 ఏండ్లకు నార్వే దేశపు యువకుడొకడు ఐదుగురు సహచరులతో గ్రీన్లాండు మంచుపీఠభూమిని దాటెను. మరి ఐదేండ్లకు పన్నిద్దరు సహచరులతో ఉత్తరధ్రువ సముద్రమున ప్రవేశించెను. మొదటి యాత్రకు పోయిన ఆరుగురును, రెండవ యాత్రకు పోయిన పదుమువ్వురును సజీవులై తిరిగి వచ్చిరి. ఆ యువకుడే ఫ్రిట్యోఫ్ నాన్సెన్. అదృష్టవంతుడని కొందరనిరి. కాని అదృష్టము ఒకనాడు కాపాడును గాని మూడేండ్లపాటు దినదినమును కాపాడజాలదు. నాన్సెనును కాపాడినదేమో తెలిసికొనుటకు ఆతని జీవితమును మొదటినుండి పరిశీలింపవలెను.

అడవియే మొదటి పాఠశాల

నాన్సెన్ 1861వ సంవత్సరము అక్టోబరు 10వ తేదీన నేడు ఓస్లో అని పిలువబడు క్రిస్టియానియా నగరము చెంత జన్మించెను. తండ్రి న్యాయవాది, మాటకు, లెక్కకు కట్టుబడినవాడు. తల్లి స్కీలపై సంచరించుటయందు మిక్కిలి ఆసక్తి గలది. స్కీలనగా పాదములకు కట్టుకొని మంచుపై జారిపోవుటకుపయోగించు పొడవైన కొయ్యపలకలు. గౌరవకుటుంబపు స్త్రీలకు అట్టి విహారము తగదని తలంచిన ఆ కాలమున ఆమె లోకులమాటను లెక్కచేయలేదు. ఇంటికి చేరువనే నూర్‌మార్కా యను మహారణ్యము కలదు. బాలుడైన నాన్సెన్ దినములకొలది ఆ యడవిలో తిరిగెడివాడు. వాగులో చేపను పట్టుట, నిప్పు రాజవేసి దానిని కాల్చుకొనుట, ఆకాశమును చూచి వాతావరణమును గ్రహించుట, చెట్టుక్రింద నిద్రించుట ఇవి ఆతనికి ఆటలు. ఎంత తక్కువ సామగ్రితో ఎన్నినాళ్లు గడపవచ్చునో ఆ యాటలే ఆతనికి నేర్పినవి. పెరిగి పెద్దవాడై దేశీయమైన స్కీ పందెములలో పలుమారులు విజేతయయ్యెను.

విశ్వవిద్యాలయమున ఆతడు జంతుశాస్త్రమును ఎన్నుకొనెను. బహిరంగ ప్రదేశములలో చేయదగిన శాస్త్రమని దానిని వరించెను. 1882లో సీళ్లను వేటాడు వైకింగ్ అను ఓడపై ఆర్కిటిక్ సముద్రమునకు పోయినప్పుడు ఆ ఓడ గ్రీన్లాండు తూర్పుతీరమునకు చేరువలో మంచున చిక్కుకొనెను. దూరమున తెల్లని కొండలు కనబడుచుండెను. వానికావల నేమున్నదో ఎవరును ఎఱుగరు. ఆ ప్రశ్నను మనసున నిలుపుకొని ఆతడు తిరిగి వచ్చెను. బెర్గెన్ నగరపు మ్యూజియమున ఉద్యోగమున చేరి, సముద్రజీవుల నాడీమండలమును గూర్చి పరిశోధించి, 1888 ఏప్రిలు నెలాఖరున డాక్టరు పట్టమునకై తన సిద్ధాంతగ్రంథమును సమర్థించెను. కొలది దినములకే గ్రీన్లాండు ప్రయాణమునకు బయలుదేరెను.

వెనుదిరుగు దారి లేని యాత్ర

గ్రీన్లాండు పడమటితీరమున జనావాసములు కలవు. తూర్పుతీరము దాదాపు నిర్జనము. అంతకుముందు లోపలికి పోజూచినవారందరును పడమటనుండియే బయలుదేరి, కష్టము కలుగగానే ఊరివైపు మరలిరి. నాన్సెన్ దీనికి విరుద్ధముగా ఆలోచించెను. తూర్పున దిగినచో వెనుక ఆశ్రయముండదు. ముందుకు పోవుటయే ప్రాణరక్షణము. ఈ పథకమును వినినవారు ఇది ఆత్మహత్యయని నిందించిరి. స్వదేశ ప్రభుత్వము ధనమీయలేదు. డెన్మార్కు దేశపు వర్తకుడొకడు ఖర్చు భరించెను.

నిందించినవారు గమనింపని విషయమొకటి కలదు. వెనుదిరుగు దారిని విడిచిన మనుష్యుడు సామగ్రి విషయమున రవ్వంతయు అశ్రద్ధ చూపలేదు. మంచుపై లాగు బండికి స్లెడ్జి అని పేరు. ఆనాటి స్లెడ్జిలు బరువైనవి. సన్నని చట్టములు మెత్తని మంచులో కూరుకొనిపోవుచుండెను. నాన్సెన్ స్కీ ఆకారముగల వెడల్పాటి అడుగుచట్టములతో, తేలికయైన కొయ్యతో నూతనమైన స్లెడ్జిని చేయించెను. ఒక్కొక్కటి తూకమున సుమారు 13 కిలోలు మాత్రమే. గుడారపు నేలగుడ్డ అవసరమైనప్పుడు తెరచాపగా పనికివచ్చునట్లు ఏర్పాటు గావించెను. ముగ్గురొక్కచో పండుకొనుటకు రెయిన్‌డీరు చర్మముతో నిద్రసంచులు కుట్టించెను. పై నుండి క్రిందివరకు ఉన్ని దుస్తులు, వానిపై గాలిని అడ్డగించు పలుచని అంగీ. సహచరులలో ముగ్గురు నార్వే వారు. బాల్టో, రావ్నా అను ఇరువురు మంచుతోనే పుట్టిపెరిగిన సామీ జాతివారు.

1888 జులై 17న వారు ఓడను విడిచి రెండు పడవలలో తీరమువైపు బయలుదేరిరి. ప్రవాహవేగమున మంచుపలకలు వారిని దక్షిణముగా సుమారు 380 కిలోమీటర్లు కొట్టుకొనిపోయెను. పండ్రెండు దినములకు నేలను తాకి, మరల ఉత్తరముగా తెడ్లువేసి, ఆగస్టు 15న మంచుకొండ నెక్కసాగిరి. సెప్టెంబరులో సుమారు 2,700 మీటర్ల ఎత్తు చేరిరి. రాత్రులందు ఉష్ణోగ్రత సున్నకు దిగువ 45 డిగ్రీలవరకు పడిపోయెను. నలుదెసల నీటిగడ్డయే యున్నను త్రాగుటకు నీరు లేదు! మంచును కరగించుటకు ఇంధనము కావలెను, ఇంధనము పరిమితము. అందుచేత ప్రతివాడును రేకుసీసాలో మంచును నింపుకొని రొమ్మునకు ఆనించి, దేహపు వేడితో కరగించుకొని కొద్దికొద్దిగా త్రాగెను. మరియొక బాధ కూడ కలిగెను. వారు తీసికొనిపోయిన ఎండుమాంసపు పొడినుండి తయారించినవారు క్రొవ్వును తొలగించిరి. కడుపునిండ తినినను క్రొవ్వుకొఱకు దేహము అలమటించెను. ఈ లోపమును నాన్సెన్ మఱువలేదు. ఏడేండ్లకు జరిగిన యాత్రలో ఆతని మూటలయందు వెన్న సమృద్ధిగా నుండెను.

పడమటి వాలున స్లెడ్జిలకు తెరచాప కట్టి, గాలి సాయముతో జారి, సెప్టెంబరు నెలాఖరుకు తీరము చేరిరి. ఊరికి పోవుటకు పడవ లేదు. గుడారపు నేలగుడ్డను చిట్టిచెట్ల కొమ్మలపై బిగించి చిన్న పడవను కల్పించి, నాన్సెన్, స్వెర్డ్రూప్ ఇరువురును దానిలో పయనించి అక్టోబరు 3న గోట్‌హోబ్ అను గ్రామమున దిగిరి. అదియే నేటి నూక్ నగరము. అప్పటికి ఐరోపాకు పోవు ఓడ వెడలిపోయెను. శీతకాలమంతయు అచ్చటనే నిలువవలసివచ్చెను.

ఇట్లు నిలువవలసివచ్చుట ఆతని జీవితమున గొప్ప మేలుగా పరిణమించెను. లోకము ఎస్కిమోలని పిలిచిన ఇన్యూయిట్ జనుల గుడిసెలలో ఆతడు శిష్యుడై కూర్చుండెను. చర్మపు పడవయగు కయాక్‌ను నడపుట, సీలును వేటాడుట, కుక్కల బండిని తోలుట వారివద్ద నేర్చెను. వారి భాషను కొంత అభ్యసించెను. డాక్టరు పట్టము పొందిన విద్వాంసుడు నిరక్షరులని లోకము తలంచిన వేటగాండ్రకు శిష్యుడగుట ఆ కాలమున సామాన్య విషయము గాదు. వారి జీవితమును గూర్చి 1891లో ఒక గ్రంథమును కూడ ప్రకటించెను.

మంచును ఎదిరింపని ఓడ

1881లో జెన్నెట్ అను అమెరికా ఓడ సైబీరియాకు ఉత్తరమున మంచుచే నలిగి మునిగెను. మూడేండ్లకు ఆ ఓడ అవశేషములు కొన్ని గ్రీన్లాండు నైరృతితీరమున కనబడెను. ఇవి అంతదూరమెట్లు వచ్చెను? ధ్రువసముద్రపు మంచు స్థిరముగా నుండక తూర్పునుండి పడమటికి కదలుచున్నదని నాన్సెన్ ఊహించెను. అట్లయినచో ఓడను బుద్ధిపూర్వకముగా మంచులో బంధింపజేసి దానితోడనే ప్రయాణింపవచ్చును. ధ్రువయాత్రలలో ఆరితేరిన పెద్దలు పలువురు దీనిని అవివేకమని త్రోసిపుచ్చిరి.

కోలిన్ ఆర్చర్ అను నిపుణుడు ఇందులకై ఫ్రామ్ అను ఓడను నిర్మించెను. ఫ్రామ్ అనగా ముందునకు అని అర్థము. దాని ప్రక్కలు గుండ్రనివి. మంచు ఇరువైపుల నొక్కినప్పుడు వ్రేళ్లమధ్యనుండి చింతగింజ జారినట్లు ఓడ పైకి లేచునే గాని నలిగిపోదు. గోడలకు బెండు, రెయిన్‌డీరు వెండ్రుకలు, ఉన్ని పొరలు పొరలుగా అమర్చి లోపలి వెచ్చదనమును నిలిపిరి. గాలిమరతో విద్యుద్దీపములు వెలిగించిరి. ఐదేండ్లకు చాలినంత ఆహారమును నానావిధములుగా సమకూర్చిరి. సహచరులలో వైద్యుడొకడుండెను. 1893 జూను 24న బయలుదేరిన ఫ్రామ్ సెప్టెంబరులో మంచున చిక్కుకొనెను. తరువాత జరిగినదంతయు నాన్సెన్ ఊహించినట్లే జరిగెను. ఓడ నలుగలేదు, మంచుతోపాటు మెల్లమెల్లగా కదలెను.

ఇద్దరు మనుష్యులు, ఒక నిద్రసంచి

ఓడ ధ్రువబిందువుకు చేరదని పదునెనిమిది నెలలకు స్పష్టమయ్యెను. అప్పుడు నాన్సెన్ ఒక్క సహచరునితో మంచుపై కాలినడకన పోవ నిశ్చయించెను. ఆ సహచరుడు యాల్మార్ యోహాన్సెన్. దేహబలమున, ఓర్పున సాటిలేనివాడు. ఫిబ్రవరి నెలాఖరున రెండుమారులు బయలుదేరి, స్లెడ్జిలు విఱుగుటచేతను, బరువు మితిమీరుటచేతను తిరిగి వచ్చిరి. సిగ్గుపడక లోపములను దిద్దుకొని, సామగ్రిని తగ్గించి, 1895 మార్చి 14న మూడు స్లెడ్జిలతో, 28 కుక్కలతో, రెండు కయాక్‌లతో మూడవమారు బయలుదేరిరి. ఆ కయాక్‌ల చట్రములు వెదురుతో చేసినవి. పైన గుడ్డ కప్పినవి.

వారి వంటపాత్ర ప్రత్యేకముగా చెప్పదగినది. మన యిండ్లలో ఒకనాడు పంపుస్టవ్వు అని వాడిన ప్రైమస్ స్టవ్వు స్వీడనులో అప్పుడే క్రొత్తగా వచ్చినది. నాన్సెన్ దానిపై పాత్రలనొకదానిలోనొకటి ఇమిడ్చి ఒక పరికరమును కల్పించెను. నడుమ పాత్రలో వంట ఉడుకుచుండ, పైకెగయు వేడి చుట్టునున్న పాత్రలోని మంచును, మీది పాత్రలోని మంచును కరగించును. వేడి వృథాగా పోదు. సుమారు 20 లీటర్ల కిరోసినుతో ఇద్దరికి నాలుగునెలలు రెండుపూటల వంట జరుగునట్లు ఆతడు లెక్క వేసెను. నాన్సెన్ కుక్కర్ అను పేరుతో ఆ పాత్ర తరువాతి ధ్రువయాత్రికులలో వ్యాప్తి చెందెను.

మందులసంచి చిన్నది. కాని అందులోని ప్రతివస్తువు ఒక నిశ్చితమైన అవసరమునకు ఉద్దేశింపబడినది. ఎముక విఱిగినచో బద్దలు, పిండికట్టుకు సామగ్రి, నొప్పి తెలియకుండుటకు క్లోరోఫారము, పంటినొప్పికి, కంటిజబ్బుకు మందులు, గాయములకు కట్టుగుడ్డలు. వైద్యుడు ఓడలో ఉండిపోయెను. ఈ యిరువురిలో ఒకడు పడిపోయినచో రెండవవాడే వైద్యుడు, పరిచారకుడు, బండిలాగువాడు.

ఆ చలిలో చెమటతో తడిసిన ఉన్ని దుస్తులు గడ్డకట్టి ఇనుపకవచమువలె బిగిసెను. గట్టిపడిన చేతిఅంచు రాపిడిచే నాన్సెన్ మణికట్టు పుండుపడెను. రాత్రి ఇద్దరును ఒకే నిద్రసంచిలో దూరి, దుస్తులు మెత్తబడువరకు వణకుచు గంటకు పైగా వేచియుండెడివారు. ఏప్రిలు 8న 86 డిగ్రీల 14 నిమిషముల ఉత్తర అక్షాంశమును చేరిరి. అంతవరకు మానవుడెవడును అంత ఉత్తరమునకు పోలేదు. ముందు మంచుగుట్టలు దుర్గమములు, ఆహారము తరుగుచుండెను. ధ్రువము ఇంకను నాలుగు డిగ్రీల దూరముననున్నది. నాన్సెన్ మరలుటకు నిశ్చయించెను. తీరము దాటునప్పుడు వెనుదిరుగరాదని పట్టుపట్టినవాడు ఇచ్చట వెనుదిరుగవలసిన సమయమును గుర్తించెను. ఈ రెండును ఒకే వివేకమునకు రెండు ముఖములు.

తిరుగుప్రయాణమున ఇద్దరి గడియారములును ఆగిపోయెను. ఖచ్చితమైన కాలము తెలియనిదే రేఖాంశము తెలియదు, తామెచ్చటనున్నదియు తెలియదు. కుక్కలను ఒక్కొక్కటిగా చంపి మిగిలినవానికి ఆహారముగా పెట్టవలసివచ్చెను. నమ్మి బండిలాగిన మూగజీవములపట్ల చేసిన ఈ కార్యమును నాన్సెన్ తన గ్రంథమున పశ్చాత్తాపముతో ప్రస్తావించెను. జులై నెలలో ఆతనికి తీవ్రమైన నడుమునొప్పి వచ్చెను. వంగి బూట్లు తొడుగుకొనుటకైనను శక్తిలేదు. యోహాన్సెన్ ఆతనికి బిడ్డకువలె పరిచర్యచేసి, తన పనితోపాటు ఆతని పనిని కూడ నెరవేర్చెను.

ఆగస్టు నెలాఖరున ఫ్రాంజ్ జోసెఫ్ లాండు ద్వీపములలో ఒకచోట శీతకాలము వారిని నిలిపివేసెను. వాల్రస్ జంతువు భుజాస్థిని కఱ్ఱకు కట్టి పారగా చేసికొనిరి. దాని దంతమును గునపముగా చేసికొనిరి. నేలను త్రవ్వి, రాళ్లు పేర్చి, కొట్టుకొనివచ్చిన దుంగను దూలముగా నిలిపి, వాల్రస్ చర్మములను పైకప్పుగా పరచిరి. లోపల సుమారు మూడు మీటర్ల పొడవు, రెండు మీటర్లకు తక్కువ వెడల్పు. రేకుముక్కల అంచులు మడిచి ప్రమిదలు చేసి, జంతువుల క్రొవ్వును చమురుగా పోసి, మందులసంచిలోని కట్టుగుడ్డలను వత్తులుగా వేసిరి. పుండునకు కట్టుటకు తెచ్చిన గుడ్డ నెలలతరబడి రాత్రియైన ఆ గుడిసెకు వెలుగైనది.

ఎలుగుమాంసము ఉదయము ఉడికించి, సాయంకాలము వేచి భుజించుచు వారు ఎనిమిది నెలలకు పైగా గడపిరి. ధ్రువయాత్రికులను బలిగొన్న స్కర్వీ వ్యాధి వారిని తాకలేదు. ఆ వ్యాధికి కారణము సి విటమిను లోపమని నాటికి ఎవరికిని తెలియదు. తాజామాంసమున ఆ విటమిను కొంత ఉండునని, ఎక్కువగా వండకున్నచో అది మిగులునని శాస్త్రము తరువాత నిరూపించినది. మంచుజనుల ఆహారమును అనుసరించినవారికి శాస్త్రము తెలియకమునుపే ఫలము దక్కెను. వసంతమున తూచుకొనగా ఇద్దరును బరువు పెరిగియుండిరి!

అంతకాలము ఒకే సంచిలో నిద్రించినను వారు ఒకరినొకరు మన్నించుచు మీరనియే సంబోధించుకొనుచుండిరి. 1895 సంవత్సరపు కడపటి రాత్రి నాన్సెన్ ఇకపై నీవని పిలుచుకొందమని కోరెనట. మర్యాద యెంత గట్టిదో, స్నేహమెంత మెల్లగా పండునో ఈ చిన్న సంఘటన తెలుపుచున్నది.

1896 మే నెలలో మరల బయలుదేరిరి. జూను 12న వారు గట్టుపై నిలిచియుండగా కయాక్‌లను కట్టిన త్రాడు తెగి అవి నీటిపై తేలిపోజొచ్చెను. ఆహారము, తుపాకులు, మందులు సమస్తమును వానిలోనే కలవు. నాన్సెన్ మంచునీటిలో దూకి ఈదెను. కాళ్లుచేతులు మొద్దుబారుచుండగా కయాక్‌ను అందుకొని, శేషించిన బలముతో పైకెక్కి, దానిని గట్టునకు తెచ్చెను. యోహాన్సెన్ వెంటనే తడిబట్టలు విప్పి, నిద్రసంచిలో పండుకొనబెట్టి, ఉన్న గుడ్డలన్నియు కప్పి నిద్రపోనిచ్చెను. తడిని తొలగించుట, గాలిని అడ్డగించుట, మెల్లగా వెచ్చజేయుట, మేల్కొనిన పిమ్మట వేడి ఆహారమిచ్చుట: చలిదెబ్బ తినినవానికి నేటికిని చేయవలసిన ప్రథమచికిత్స ఇదియే.

ఐదుదినములకు, జూను 17న, నాన్సెనునకు కుక్క మొఱుగుట వినబడెను. అచ్చట శోధన జరుపుచున్న ఫ్రెడరిక్ జాక్సన్ అను ఆంగ్లేయుడు మసిబారిన ఆ మనుష్యుని ఆనవాలుపట్టి ఆదరించెను. ఆగస్టు 13న వారు నార్వే తీరమున దిగిరి. ఆ దినముననే ఫ్రామ్ మంచునుండి విడివడెను. పదుమువ్వురును క్షేమముగా ఇల్లు చేరిరి.

దిక్కులేనివారికి దిక్కు

తరువాత నాన్సెన్ సముద్రశాస్త్రమున పరిశోధనలు సాగించెను; 1906 నుండి 1908 వరకు లండనులో నార్వే రాయబారిగా నుండెను. మొదటి ప్రపంచయుద్ధానంతరము నానాజాతిసమితి 1920లో ఆతనికి యుద్ధఖైదీలను స్వదేశములకు చేర్చు భారమును అప్పగించెను. రెండేండ్లలో 4 లక్షల 27 వేలకు పైగా ఖైదీలు ఇండ్లకు చేరిరి. 1921లో రష్యాలో కఱవు వచ్చినప్పుడు ప్రభుత్వములను అన్నమునకై యాచించెను. అవి తగినంత ఈయకున్నను దాతలనుండి సాయము సమకూర్చెను. దేశమును కోల్పోయి ఏ కాగితమును లేక సరిహద్దులవద్ద నిలిచిన శరణార్థులకు 1922లో నాన్సెన్ పాస్‌పోర్టును ఏర్పరచెను. క్రమముగా సుమారు 50 ప్రభుత్వములు దానిని అంగీకరించెను. చిత్రకారుడు షగాల్, సంగీతకర్త స్ట్రావిన్‌స్కీ వంటివారును దానిని ధరించిరి. ఆ సంవత్సరమే ఆతనికి నోబెల్ శాంతిబహుమానము లభించెను.

మంచుపై వెనుదిరుగు దారి లేక నిలిచినవానికి శరణార్థి స్థితి తెలియును. మందులసంచిలో ప్రతివస్తువు ఒక అవసరమునకు చెందినట్లే ఆ పాస్‌పోర్టును ఒక నిశ్చితమైన అవసరమును తీర్చినది. అది ఒక కాగితపుముక్క. కాని లక్షలాది జనులు దానితో సరిహద్దులు దాటి, పని సంపాదించుకొని బ్రదికిరి.

యోహాన్సెన్ కథ వేరు. ఆతడు 1910లో అమండ్సెన్‌తో దక్షిణధ్రువమునకు పోయెను. అచ్చట చలిలో వెనుకబడిన సహచరుని కాపాడి, నాయకుని తొందరపాటును బహిరంగముగా విమర్శించినందున ధ్రువమునకు పోవు బృందమునుండి తొలగింపబడెను. స్వదేశమునకు తిరిగివచ్చి, 1913 జనవరిలో తన ప్రాణమును తానే తీసికొనెను. మంచులో మనుష్యుని నిలువబెట్టు నేర్పు పట్టణమున చాలలేదు. గుడిసెలో ఆతని ప్రక్క ఒకడుండెను, నగరమున లేకపోయెను. ఉపాధ్యాయులు ఈ యాత్రను బోధించునప్పుడు ఆతని పేరును కూడ చెప్పవలెను.

నాన్సెన్ 1930 మే 13న కన్నుమూసెను. ఆతని పేర నెలకొనిన శరణార్థుల కార్యాలయమునకు 1938లో నోబెల్ శాంతిబహుమానము వచ్చెను. ఫ్రామ్ ఓడ ఓస్లో నగరమున మ్యూజియములో భద్రపరుపబడియున్నది. దానిని చూచువారు దాని బలమును మెచ్చుకొందురు. బలముకన్న ముఖ్యమైనది దాని వంపు: ఎదిరింపక ఒదిగి, నలుగక పైకి లేచుట. విహారయాత్రకు విద్యార్థులను కొనిపోవు ఉపాధ్యాయుడు మూట కట్టునప్పుడు అడుగవలసిన ప్రశ్నలు నాన్సెన్ అడిగినవే. ఈ వస్తువు దేనికి? ఇది పాడైనచో దేనితో పని జరుగును? ఆ చోట నివసించువారు ఏమి చేయుదురు? ప్రక్కవాడు పడిపోయినచో నాకేమి తెలిసియుండవలెను? ఈ నాలుగింటికి ఇంటివద్దనే సమాధానము వెదకినవానికి అడవియైనను మంచుటెడారియైనను శత్రువు గాదు.